అల్లుడూ, ముందు ఆ గైడ్ మూసెయ్

అల్లుడూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వదినా, ఆర్గానిక్ కెమిస్ట్రీ పేపర్ టెన్షన్‌తో వీడికి అన్నం కూడా సహించట్లేదు, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. ఫోన్‌లో చెబితే సగం వింటావు, సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. ఇంకా 16 రోజులున్నాయి కదా, చాలు. 31 ఏళ్లు డిగ్రీ పిల్లలకి ఇదే సబ్జెక్ట్ చెప్పినదాన్ని, ఊరికే ధైర్యం చెప్పడానికి అనట్లేదు, నిజంగానే చాలు. కాకపోతే ఇప్పటిదాకా గైడ్ చూసి చదివినట్టే చదివితే మాత్రం చాలవు.

నువ్వు పంపిన నోట్స్ ఫొటోలు చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు, రంగురంగుల గీతలు, రియాక్షన్‌కి ముందు ఏముందో తర్వాత ఏమొచ్చిందో అన్నీ ఉన్నాయి. మధ్యలో ఎలక్ట్రాన్ల కదలిక చూపే బాణం ఒక్కటీ లేదురా. మార్కులన్నీ ఆ మధ్యలోనే ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఎక్కడున్నాయి, ఎక్కడికి వెళ్తున్నాయి, ఈ రెండు ప్రశ్నలు ప్రతి రియాక్షన్ దగ్గరా వేసుకో. బాణం తోక ఎప్పుడూ ఒంటరి జంట (బంధంలో లేని ఎలక్ట్రాన్ల జత) మీదో బంధం మీదో ఉండాలి, మొన ఎలక్ట్రాన్లు తక్కువైన చోటికి వెళ్లాలి. హైడ్రోజన్ అయాన్ నుంచి బాణం మొదలుపెట్టిన పేపర్లు వాల్యుయేషన్‌లో ఎన్ని దిద్దానో లెక్కలేదు. దాని దగ్గర ఇవ్వడానికి ఒక్క ఎలక్ట్రాన్ కూడా లేదు, అది తీసుకునేదే. ఆ ఒక్క బాణం తిరగబడితే పిల్లాడు బట్టీ పట్టి రాశాడని దిద్దేవాళ్లకి తెలిసిపోతుంది.

బట్టీ సంగతి నాకు బాగా తెలుసు. బీఎస్సీ రెండో ఏడు నేనూ నేమ్ రియాక్షన్లన్నీ (ప్రత్యేకంగా ఒక పేరుతో పిలిచేవి) కంఠతా పట్టి పరీక్షకి వెళ్లాను. ఎసిటాల్డిహైడ్‌తో ఆల్డాల్ వస్తుంది, బెంజాల్డిహైడ్‌తో కానిజారో వస్తుంది, ఎందుకు అని అడిగారు. రెండు సమీకరణాలూ తప్పుల్లేకుండా రాశాను, ఆ "ఎందుకు" దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ రోజు ఇంటికొచ్చి ఏడ్చాను. తీరా చూస్తే విషయం చిన్నది. ఎసిటాల్డిహైడ్‌లో కార్బొనిల్ (ఆక్సిజన్‌తో జంట బంధం ఉన్న కార్బన్) పక్క కార్బన్ మీద హైడ్రోజన్ ఉంది, క్షారం దాన్ని లాక్కుంటుంది, అప్పుడు ఆ కార్బన్ వెళ్లి ఇంకో అణువు కార్బొనిల్ మీద పడుతుంది. బెంజాల్డిహైడ్‌లో అలా లాక్కోవడానికి ఆ పక్క కార్బన్ మీది హైడ్రోజనే, అంటే ఆల్ఫా హైడ్రోజనే లేదు. అందుకని గాఢ క్షారంలో హైడ్రాక్సైడ్ నేరుగా కార్బొనిల్ మీదే పడుతుంది, అక్కడి హైడ్రైడ్ (రెండు ఎలక్ట్రాన్లతో కదిలే హైడ్రోజన్) పక్క అణువుకి వెళ్తుంది, ఒకటి ఆల్కహాల్ అవుతుంది, రెండోది ఆమ్ల లవణం అవుతుంది. ఇలా ఒక్కసారి అర్థమైతే రెండు రియాక్షన్లూ ఒకే కథ.

తర్వాతది పీకేఏ, అంటే ఆమ్లం బలం చెప్పే అంకె, అంకె తగ్గేకొద్దీ ఆమ్లం బలం ఎక్కువ. పెద్ద పట్టిక అక్కర్లేదు, ఆరు అంకెలు చాలు. ఎసిటిక్ ఆమ్లం 4.76, కార్బొనిక్ ఆమ్లం 6.4, ఫినాల్ 10, నీళ్లు 15.7, ఎసిటిలీన్ 25, అమ్మోనియా 38. ఇవి అద్దం మీద అంటించుకో. బైకార్బొనేట్‌లో ఎసిటిక్ ఆమ్లం వేస్తే బుసబుసా పొంగుతుంది, ఫినాల్ వేస్తే ఏమీ జరగదు, ల్యాబ్‌లో నువ్వే చూసి ఉంటావు. ఎందుకో ఇప్పుడు ఆ అంకెలు చూసి చెప్పు. ఎసిటిలీన్ హైడ్రోజన్ తియ్యడానికి సోడియం హైడ్రాక్సైడ్ ఎందుకు పనికిరాదో, సోడమైడే (అమ్మోనియా నుంచి వచ్చే క్షారం) ఎందుకు కావాలో కూడా అక్కడే ఉంది.

ఇక పద్ధతి. పొద్దున్నే ఒక మెకానిజం (రియాక్షన్ మెట్టు మెట్టుగా బాణాలతో ఎలా జరుగుతుందో) చదువు, పుస్తకం మూసెయ్, పది నిమిషాలు వేరే పని చూసుకో, తర్వాత తెల్లకాగితం మీద మొదటి నుంచి చివరిదాకా గియ్యి. ఎక్కడ ఆగావో అక్కడ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, అప్పుడు మాత్రమే పుస్తకం తెరువు. జవాబు చూస్తూ చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటుంది. హాల్లో కూర్చున్నాకే రాదని తెలుస్తుంది. మర్నాడు పొద్దున కొత్తది మొదలుపెట్టే ముందు నిన్నటి ఎర్ర సున్నాలు మళ్లీ గియ్యాలి. రోజుకి నాలుగు మెకానిజాలు ఇలా చేస్తే చాలు, పది చేద్దామని కూర్చోకు.

ఎస్ఎన్1, ఎస్ఎన్2 (ఒక గుంపు పోయి ఇంకోటి వచ్చే రెండు దారులు), ఎలిమినేషన్ (గుంపు, పక్క హైడ్రోజన్ పోయి జంట బంధం రావడం) దగ్గర అందరూ తడబడతారు, రెండు రోజులు దానికే ఇవ్వు. ఒక్క ఉదాహరణ పట్టుకో: టెర్షియరీ బ్యూటైల్ మిథైల్ ఈథర్ తయారుచెయ్యమంటే చాలామంది టెర్షియరీ బ్యూటైల్ బ్రోమైడ్‌లో సోడియం మెథాక్సైడ్ వేస్తారు. ఈథర్ రాదు, ఐసోబ్యుటిలీన్ వస్తుంది. ఆ కార్బన్ చుట్టూ మూడు మిథైళ్లు అడ్డంగా నిలబడితే మెథాక్సైడ్ వెనక నుంచి ఎలా దూరుతుంది? చేతికందిన హైడ్రోజన్ లాక్కుని పోతుంది. తిప్పి చెయ్యాలి, సోడియం టెర్షియరీ బ్యుటాక్సైడ్ తీసుకుని మిథైల్ అయొడైడ్‌తో కలపాలి. ప్రైమరీనా (ఆ కార్బన్‌కి ఒక్క కార్బన్ తగిలి ఉందా) టెర్షియరీనా (మూడు ఉన్నాయా), న్యూక్లియోఫైల్ (ఎలక్ట్రాన్లతో కార్బన్ మీద పడేది) బలమైనదా, క్షారంగా ఎంత బలం, సాల్వెంట్ ఏది, ఈ వరసలో అడుగుతూ పో.

స్టీరియో, అంటే అణువుల త్రిమితీయ ఆకారం, కాగితం మీద అర్థం కాదురా, వంటింట్లోకి వెళ్లు. చపాతీ పిండి ముద్ద ఒకటి చేసి నాలుగు అగ్గిపుల్లలు గుచ్చు, చివర్లకి చిటికెడు పిండి పెట్టి కందిపప్పు, పెసరపప్పు, మినపపప్పు, శనగపప్పు ఒక్కో బద్ద అంటించు. దాని పక్కనే అద్దంలో ప్రతిబింబం లాంటిది ఇంకొకటి చెయ్యి. ఇప్పుడు ఒకదాన్ని ఎలా తిప్పినా రెండోదానిలా కుదరదు, నీ వేళ్లకే తెలుస్తుంది. మొదటిదాంట్లో ఏ రెండు బద్దలైనా అటూఇటూ మార్చి చూడు, రెండోదానిలా అయిపోతుంది. ఫిషర్ బొమ్మలో (ఈ ఆకారాన్ని కాగితం మీద ప్లస్ గుర్తులా గీసే పద్ధతి) అడ్డగీతలు నీవైపుకి, నిలువుగీతలు వెనక్కి. అందుకే దాన్ని 90 డిగ్రీలు తిప్పకూడదు, 180 తిప్పొచ్చు.

కన్వర్షన్లు (ఒక పదార్థం నుంచి ఇంకోటి తయారుచెయ్యమనే ప్రశ్నలు) ఎప్పుడూ చివరి నుంచి వెనక్కి ఆలోచించు, ముందు కార్బన్లు లెక్కపెట్టు. ఒకటి పెరిగిందా? సయనైడ్ గుర్తుకు రావాలి. ఒకటి తగ్గిందా? హాఫ్‌మన్ బ్రోమమైడ్ గుర్తుకు రావాలి.

పరీక్ష ముందు రోజు కొత్తది ముట్టుకోకు, ఎర్ర సున్నాలు మాత్రమే చూసుకుని పదింటికల్లా పడుకో. హాల్లో బాగా వచ్చినవి ముందు రాయి. చివరి పది నిమిషాలు ఉంచుకుని, ఏ కార్బన్‌కైనా ఐదు బంధాలు గీశావేమో, ఎక్కడైనా చార్జ్ మర్చిపోయావేమో చూసుకో. పూర్తిగా రాకపోయినా సగం మెకానిజమైనా గియ్యి, వదిలెయ్యకు, స్టెప్ మార్కులు ఉంటాయి.

రేపటి నుంచి రోజూ రాత్రి తొమ్మిదికి ఆ రోజు గీసిన నాలుగు కాగితాలు ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు, నేను దిద్ది పంపుతాను. అన్నం మాత్రం వేళకి తిను, అమ్మ బెంగపెట్టుకుంది.

మీ అత్త