మోటారు కోసం యాప్ అప్పు వద్దు, ముందు అత్యవసర నిధి

ప్రశ్న: నాకు 29 ఏళ్లు. వరంగల్‌లో ప్రైవేటు ఉద్యోగం. చేతికి రూ.38,000 వస్తుంది, ఇంటి ఖర్చు రూ.29,000. భార్య, రెండేళ్ల పాప ఉన్నారు. బ్యాంకులో రూ.22,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ రూ.18,000, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. నా ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే బొమ్మ) కారుకు మరింత శక్తిమంతమైన బ్రష్‌లెస్ మోటారు, దాని వేగాన్ని నియంత్రించే ఈఎస్‌సీ కలిపి రూ.11,500కు దొరుకుతున్నాయి. ఒక యాప్ అంత అప్పు ఇస్తానంటోంది. రూ.700 ముందే పట్టుకుంటారు, నెలకు రూ.2,150 చొప్పున ఆరు వాయిదాలు. తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. మీ చేతికి వచ్చేది రూ.10,800. అంటే మోటారు ధరకే చాలదు. తిరిగి కట్టేది రూ.12,900. లెక్కవేస్తే ఏడాదికి 60 శాతం పైమాటే. వాయిదా చిన్నదిగా ఉందని వడ్డీ చూడకుండా సంతకం చేసేవాళ్లు ఎక్కువైపోయారు, అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను. ఆర్‌బీఐ నిబంధనల ప్రకారం, రుసుములన్నీ కలిపిన వార్షిక భారాన్ని అప్పు ఇచ్చే సంస్థ ముందే రాతపూర్వకంగా చూపాలి. అది అడిగారా?

ఖర్చు మోటారుతో ఆగదు కూడా. మీ కారులో పాత నికెల్ బ్యాటరీ ఉంటే కొత్త మోటారుకు కావలసిన కరెంటు అది ఇవ్వలేకపోవచ్చు. అప్పుడు లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ కొనాలి, దాని సెల్‌లన్నిటినీ సమంగా నింపే బ్యాలెన్స్ చార్జరు కొనాలి. ఆ వేగానికి మోటారు తిప్పే ప్లాస్టిక్ స్పర్ గేరు పళ్లు ఊడవచ్చు, తర్వాత చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్, ఇరుసులు కూడా పాడవవచ్చు. మోటారుకు పెట్టినంత మళ్లీ పెట్టాల్సి రావచ్చు. అప్పుడు ఇంకో యాప్ దగ్గరికి వెళతారా?

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది మీ బ్యాంకు నిల్వ. రూ.22,000 అంటే నెల ఖర్చుకు కూడా చాలదు. ఉద్యోగం పోయినా, పాప ఆసుపత్రిలో చేరినా రెండో నెల అద్దె ఎలా కడతారు? పైగా మీకు నెలకు రూ.9,000 మిగలాలి, అయినా కార్డు బాకీ తీరలేదు. ఆ మిగులు ఎక్కడికి పోతోందో ఒక నెల రాసి చూడండి. నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే, జీఎస్టీతో కలిపి రూ.740 దాకా కార్డుకే పోతోంది. బాకీ ఉన్నంతకాలం కొత్తగా గీకిన దానికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది.

ఈ నెల మిగులు రూ.9,000కు బ్యాంకులోంచి మరో రూ.9,000 కలిపి కార్డు బాకీ తీర్చేయండి. మిగిలిన రూ.13,000తో అత్యవసర నిధి మొదలుపెట్టండి. ఆరు నెలల ఖర్చు, అంటే రూ.1,74,000 మీ లక్ష్యం. నెలకు రూ.8,000 జీతం రోజునే వేరే ఖాతాలోకి పంపితే సుమారు 20 నెలల్లో చేరుకుంటారు. ఈ నిధిని కారు కోసం ముట్టుకోకండి.

టర్మ్ పాలసీ (మీకేమైనా అయితే కుటుంబానికి డబ్బు ఇచ్చే జీవిత బీమా) లేకపోతే వెంటనే తీసుకోండి. సిప్‌ల (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడి) గురించి నిధి సగం నిండాక ఆలోచించవచ్చు.

మిగిలే వెయ్యి మీ సరదాకు. ఏడాదికి రూ.12,000 అవుతుంది, మోటారు నగదుతోనే వస్తుంది. ఈలోగా పాతది అరిగిపోతే అదే సైజు మామూలు బ్రష్డ్ మోటారు చాలా తక్కువకే దొరుకుతుంది. టర్న్‌లు (మోటారులో తీగ చుట్ల సంఖ్య) మీ ఈఎస్‌సీ పరిమితిలో ఉన్నాయో లేదో చూసుకుని కొనండి, తక్కువ టర్న్‌లది పెడితే ఈఎస్‌సీ కాలిపోయే ప్రమాదం ఉంది.