సాఫ్ట్‌వేర్ తయారు చేయాలంటే లెక్కల్లో దిట్ట అయి ఉండాలా?

లెక్కలంటే భయం, అయినా సాఫ్ట్‌వేర్ రాయగలనా అని అడిగారు. బిల్లింగ్ యాప్‌కో, మామూలు వెబ్‌సైట్‌కో పదో తరగతి లెక్కలు చాలు. గ్రాఫిక్స్, మెషీన్ లెర్నింగ్ (డేటా చూసి కంప్యూటరే నేర్చుకునేలా చేయడం) వైపు వెళ్తే మాత్రం కూర్చుని నేర్చుకోవాల్సిందే.

అసలు కావాల్సింది "ఇలా కాకుండా ఇంకోలా జరిగితే?" అని ఆలోచించే అలవాటు. ఒక ఫారంలో 5 అక్షరాలు దాటకూడదని నియమం పెట్టారనుకోండి, అందులో "స్త్రీ" అని టైప్ చేస్తే మన కంటికి ఒక్క అక్షరమే, కానీ యూనికోడ్ (కంప్యూటర్‌లో అక్షరాలకు నంబర్లిచ్చే పద్ధతి) లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిపి 6 అవుతాయి కాబట్టి ఆ ఒక్కదానికే ఫారం ఒప్పుకోకపోవచ్చు. ఇలాంటివి లెక్కల తెలివితో దొరకవు, వాడేవాళ్ల చోట కూర్చుని చూస్తేనే దొరుకుతాయి.

ఇంకోటి, వేరేవాళ్లు రాసిన కోడ్‌ని ఓపిగ్గా చదవడం (చాలామందికి ఇదే చేదు). 1996 జూన్ 4న యూరప్ వాళ్ల ఏరియాన్ 5 రాకెట్ ఎగిరిన సుమారు 40 సెకన్లకే పేలిపోయింది. దానికి ముందు రాకెట్ ఏరియాన్ 4లో బాగానే నడిచిన కోడ్‌ని, కొత్తదానికి సరిపోతుందో లేదో సరిగ్గా చూడకుండా అలాగే తెచ్చి పెట్టారు, కొత్త రాకెట్ వేగానికి సంబంధించిన ఒక విలువ దానికిచ్చిన 16 బిట్ల (0 లేదా 1 పట్టే గడుల) చోటులో పట్టలేదు.

ఏ ప్రోగ్రామింగ్ భాషతో మొదలుపెట్టాలన్నది పెద్ద విషయం కాదు, పైథాన్ తీసుకోండి. ఎర్రర్ వస్తే ముందు దాన్ని పూర్తిగా చదవండి. నేనైతే మొదటి ఏడాదంతా చదవకుండానే టెన్షన్‌తో అక్కడా ఇక్కడా మార్చేసేవాణ్ణి, తప్పున్న లైన్ నంబర్ ఎదురుగానే రాసి ఉండేది.