అత్తమ్మ పింగాణీ అమ్మితే అప్పు తీరుతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. మా మామయ్య నాగార్జునసాగర్ డ్యామ్ పనిలో ఉద్యోగం చేశారు. 1968లో పెళ్లయ్యాక ఆబిడ్స్‌లో కొన్న పింగాణీ డిన్నర్ సెట్, రెండు టీ సెట్లు, ఏడు జాడీలు ఇంట్లో ఉన్నాయి. ఇప్పుడు అత్తమ్మ, మామయ్య ఇద్దరూ లేరు. పెద్ద ఇల్లు ఖాళీ చేసి రెండు గదుల అద్దె ఇంటికి మారుతున్నాం. ఇవి నిజాం కాలం సామాన్లని, యాభై వేలకు తక్కువ ఇవ్వొద్దని మా చుట్టం ఒకాయన అన్నారు. నగలు తాకట్టు పెట్టి తెచ్చిన 60,000 అప్పు ఉంది, వడ్డీ నూటికి రూపాయిన్నర. ఇవి అమ్మి ఒకేసారి తీర్చేద్దామని ఎనిమిది నెలలుగా వడ్డీ మాత్రమే కడుతున్నాం. ఎక్కడ అమ్మాలి? పన్ను పడుతుందా?

జవాబు: అమ్మా, ముందు వడ్డీ లెక్క చూద్దాం. నెలకు 900 చొప్పున ఎనిమిది నెలల్లో 7,200 కట్టారు. ఆ షోకేస్ మొత్తం ఖాళీ చేసి అమ్మినా మీ చేతికి అంత వస్తుందని నేను పందెం కట్టను. అప్పును పింగాణీకి ముడిపెట్టడమే ఇక్కడ పొరపాటు, ఆ ముడి ఈ వారమే విప్పేయండి. బంగారం మీద బ్యాంకు వడ్డీ మామూలుగా రూపాయి లోపే ఉంటుంది. ఎనభై పైసలనుకున్నా నెలకు 480. విడిపించడానికి ఒకటి రెండు రోజులకు ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకుని నగలను బ్యాంకుకు మార్చండి. మిగిలే 420ని ఖర్చులో కలపకుండా అసలుకే కట్టండి.

ఇక చుట్టం గారి మాట. నిజాం పాలన 1948 సెప్టెంబరుతో అయిపోయింది. మీ సెట్ 1968లో కొన్నదని మీరే రాశారు. పాత సామాను కనబడితే చాలు నిజాంకు అంటగట్టడం మన దగ్గర అలవాటు, చుట్టాన్ని తప్పుపట్టకండి.

మీ ఇంట్లో ఇత్తడి బిందె ఉంటే సొట్టపడ్డా సరే తూకానికి పోతుంది, కరిగిస్తే మళ్లీ ఇత్తడే కాబట్టి. పింగాణీ అలా కాదు. వెయ్యి డిగ్రీలకు పైన కాల్చిన మట్టి అది, పగిలితే మళ్లీ మట్టి ముద్ద కాదు. పాత సామాన్లవాళ్లు దాన్ని ముట్టుకోనిది అందుకే. దాని విలువంతా పగలకుండా ఉండటంలో, సెట్ నిండుగా ఉండటంలో, కావాలనే మనిషి దొరకడంలో ఉంది. ఆరు కప్పుల్లో ఒకటి పోతే ధర ఆరో వంతు తగ్గి ఆగదు, చాలాసార్లు సగానికి దిగుతుంది.

అందుకని ముందు ప్రతి ప్లేటూ తిరగేసి అడుగున ముద్ర చూడండి. ఏ దేశం, ఏ కంపెనీ అన్నది అక్కడే తెలుస్తుంది. అమెరికా చట్టం వల్ల 1891 నుంచి అక్కడికి పంపే సరుకు మీద దేశం పేరు వేయాల్సి వచ్చింది, కాబట్టి 'ఇంగ్లండ్' అని ఉన్నంత మాత్రాన అపురూపం కాదు. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే మాత్రం అది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1952 లోపు చేసినది. అలాంటివి పోగుచేసేవాళ్లు ఉన్నారు. ప్లేటును బల్బు ముందు పెట్టి వెనక వేళ్లు ఆడించండి. నీడ కనబడితే బోన్ చైనా కావచ్చు. అందులో ఎముకల బూడిద కలుస్తుంది, కొనేవాళ్లు శాకాహారులైతే ముందే చెప్పండి.

డిన్నర్ సెట్‌ను ఆన్‌లైన్‌లో పెట్టండి. ముద్ర, అంచులు, నెర్రలు అన్నీ ఫొటోల్లో కనబడాలి, ముక్కల లెక్క సరిగ్గా రాయాలి. పాత సామాన్లు అమ్మే హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌కు మోసుకెళ్లాలని అనుకుంటారేమో. బస్సు చార్జీ, పగిలే భయం, ఒక రోజు కూలి కలిపితే నాకైతే గిట్టుబాటుగా అనిపించదు. అమ్ముడై పార్సిల్ కట్టాల్సి వస్తే ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పరచకండి, విడివిడిగా పేపర్ చుట్టి నిలువుగా పెట్టండి.

కొంటానన్నవాడు బేరమాడకుండా ఒప్పుకుని, మిలిటరీలో ఉన్నానని చెప్పి, డబ్బులు పడాలంటే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమంటే అక్కడే ఫోన్ పెట్టేయండి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. పొరపాటున డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

నా లెక్కలో సులువుగా పోయేవి మీరు పెద్దగా పట్టించుకోని ఆ జాడీలే. వేలి కణుపుతో కొట్టి చూడండి. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే లోపల బీట ఉన్నట్టే, అందులో తొక్కు పెడితే నూనె కారుతుంది. మంచివి మామిడికాయ తొక్కు పెట్టే రోజులకు ముందు, మార్చి, ఏప్రిల్‌లో మీ ఊళ్లోనే తొక్కులు అమ్మేవాళ్లను అడగండి. పార్సిల్ బాధే ఉండదు.

పన్ను గురించి టెన్షన్ వద్దు. సొంతానికి వాడుకున్న ఇంటి సామాను అమ్మితే మూలధన లాభం పన్ను లేదు. నగలకు, పెయింటింగులకు, శిల్పాలకు ఆ మినహాయింపు వర్తించదు. నూరేళ్లు దాటిన వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం ఉంది, వాటిని విదేశాలకు పంపడం నేరం. మీ 1968 సెట్‌కు ఆ గొడవ లేదు.

ఆడపడుచుల మాట మీరు రాయలేదు. ఉంటే, ఫొటో పెట్టకముందే పిలిచి ఎవరికి నచ్చింది వాళ్లను తీసుకోమనండి. తర్వాత 'మా అమ్మ కప్పులు అమ్ముకున్నారు' అనే మాట పడితే అమ్మగా వచ్చిన డబ్బు ఎందుకూ పనికిరాదు. డిన్నర్ సెట్‌కు ఉగాది దాకా గడువు పెట్టుకోండి. అప్పటికీ ఎవరూ కొనకపోతే షోకేస్‌లో దాచకుండా ఆ ప్లేట్లలోనే రోజూ అన్నం తినండి. బంగారు గీత ఉన్నవాటిని మాత్రం మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టొద్దు.