బకరం కొనే ముందు బట్టను చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

షర్టుల ఆర్డర్ వచ్చిందని, ఇంటర్‌లైనింగ్, అదే కాలర్ లాంటి చోట్ల బట్ట లోపల వేసే బకరం, ఏది కొనాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశావు. శాంపిల్ ముక్కలు చేత్తో నలిపి, గట్టిగా ఉన్నదే మంచిదని తీసుకోకు. విడిగా మెత్తగా అనిపించిన బకరం కూడా ఫ్యూజింగ్ (వేడి, ప్రెషర్‌తో జిగురు కరిగించి బట్టకు అతికించడం) అయ్యాక బిరుసెక్కొచ్చు. ముందు నీ బట్ట ఎంత పల్చన, సాగుతుందా, ఎలా ఉతుకుతారు అన్నది చూడు.

పల్చటి బట్టకు బరువైన బకరం వేస్తే కాలర్ అట్టముక్కలా నిలబడుతుంది, జిగురు మరకలు పైకి కనబడొచ్చు. సాగే బట్టకు సాగే నిట్టెడ్ (అల్లిక) రకం వెయ్యి. నాన్‌వోవెన్ (నేయకుండా పీచును అతికించి చేసే రకం) చవకే, కానీ మాటిమాటికీ ఉతికే షర్టు కాలర్‌కు నేనైతే నేత రకమే వేస్తాను.

బకరం మీది జిగురు ఏదో కూడా అడుగు, చాలామంది అడగరు. వేడినీళ్ల ఉతుకుకు హై డెన్సిటీ పాలిథిలిన్ బాగా ఆగుతుంది. కాకపోతే అతకడానికి వేడి, ప్రెషర్ గట్టిగా కావాలి. డ్రైక్లీనింగ్‌కు వెళ్లే కోట్లకు సాధారణంగా పాలిఅమైడ్ వాడతారు. నీళ్లు అంటని ఫినిష్ ఉన్న బట్టకు జిగురు సరిగా పట్టదు. అక్కడ కుట్టి వేసే రకం నయం.

ఇక ట్రయల్. దీన్ని మాత్రం ఎంత తొందరున్నా వదలకు. ఆర్డర్‌కు వాడబోయే రోల్ నుంచే బట్ట కత్తిరించు. దాని మీద నిలువు, అడ్డం 25 సెం.మీ. గుర్తులు పెట్టి, సప్లయర్ చెప్పిన వేడి, ప్రెషర్, సెకన్లతో బకరాన్ని ఫ్యూజ్ చెయ్యి. మెషిన్ డయల్ 150 డిగ్రీలు చూపించినా జిగురు దగ్గర అంత ఉండకపోవచ్చు, థర్మల్ పేపర్ (వేడి ఎంతో రంగు మారి చూపే కాగితం) పెట్టి చూసుకో. బయటికొచ్చిన ముక్కను పరిచి చల్లారనివ్వు, వేడి మీద మడిస్తే పట్టు చెడుతుంది. తర్వాత లేబుల్ మీద రాయబోయే పద్ధతిలోనే ఐదారుసార్లు ఉతికి, ఆరబెట్టి, మళ్లీ కొలువు. బట్ట, బకరం ఒకేలా కుంచించుకోకపోతే బుడగలు లేస్తాయి. ఒక మూల పట్టి లాగితే సులువుగా ఊడివచ్చినా ఆ రకం వద్దు. కొత్త లాట్ వచ్చినా, బట్ట రంగు మారినా మళ్లీ ఇదే పరీక్ష చెయ్యి.

కొనేముందు ఉతికిన ముక్క, ఉతకని ముక్క రెండూ నాకు పంపు. చూసి చెబుతాను.

మీ బాబాయి