తెల్లారేసరికి కుంగిన బస్సు: ఎయిర్ సస్పెన్షన్ లీకులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: పాత టూరిస్టు బస్సు కొని, లోపల మంచాలు, వంటగది, నీళ్ళ ట్యాంకు పెట్టించి మోటార్ హోమ్‌గా మార్చుకున్నాం. రాత్రి ఆపితే తెల్లారేసరికి వెనక ఎడమ మూల నాలుగు వేళ్ళ మందాన దిగిపోతోంది. ఇంజను వేసిన కాసేపటికి లేస్తోంది. ఎడమవైపు బెలోలు (బాడీని మోసే గాలి రబ్బరు సంచులు) మార్చినా గుణం లేదు. ఇంకేం మార్చాలి?

జవాబు: ఇంకేదీ మార్చకండి, ముందు కొలవండి. చాలా బస్సుల్లో లెవెలింగ్ వాల్వులు (బాడీ ఎత్తును బట్టి బెలోలకి గాలి ఇచ్చేవి, వదిలేవి) మూడే ఉంటాయి: ముందు ఇరుసుకు ఒకటి, వెనక ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. ముందు బెలోలు రెండూ ఒకే వాల్వు మీద బతుకుతాయి, గాలి ఒకదాన్నుంచి ఇంకోదానికి పోగలదు. అందుకే వాటిలో ఏది కారినా ముందు భాగం మొత్తంగా దిగుతుంది. బస్సు ఒక పక్కకి ఒరిగిందంటే మాత్రం కారణం వెనక ఉన్నట్టే. మీ బస్సు ఎడమకి ఒరుగుతోంది కాబట్టి వెతకాల్సింది వెనక ఎడమ వాల్వు, దాని పైపులు, ఫిట్టింగులు, గాలి నిలవ ఉండే బీము. బెలో ఈ వరసలో ఒకటి మాత్రమే.

చదునైన నేల మీద ఆపి, గాలి నిండాక కంప్రెసర్‌ను ఆపే గవర్నర్ కట్ అయ్యేదాకా (సాధారణంగా 120 పీఎస్ఐ దగ్గర) గాలి నింపండి. నాలుగు చక్రాల దగ్గరా హబ్ మధ్య నుంచి చక్రం పైనున్న బాడీ ఆర్చి అంచు దాకా మిల్లీమీటర్లలో కొలిచి రాసుకోండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా లెక్కలోకి వచ్చి మోసపోతారు.

తర్వాత బాడీ కింద తయారీదారు చూపిన జాకీ పాయింట్ల దగ్గర ఉక్కు స్టాండ్లు పెట్టండి. గాలి మీద నిలబడ్డ బస్సు కిందికి తల కూడా పెట్టకూడదు. బెలో పగిలినా, లింకు ఊడినా మీరు తప్పుకునేంత టైముండదు. ఇది చెప్పడానికి కారణం ఉంది: తర్వాతి పని వాల్వు లింకు (వాల్వు ఆర్మ్‌ను ఇరుసుకు కలిపే కడ్డీ) విప్పడమే. లింకు విప్పగానే ఆర్మ్ కిందికి జారితే ఆ వాల్వు బెలోలోని గాలినంతా బయటికి వదిలేస్తుంది. కాబట్టి ఆర్మ్‌ను చేత్తో పట్టుకుని న్యూట్రల్‌లో (గాలి ఇవ్వని, వదలని మధ్య స్థితిలో) నిలపండి. చాలా వాల్వుల్లో ఇందుకోసమే చిన్న రంధ్రం ఉంటుంది, అందులో పిన్ను పెడితే చాలు.

స్టాండ్లకీ బాడీకీ మధ్య దిగడానికి చోటు ఉంచి, రెండు గంటల తర్వాత ఒకసారి, పన్నెండు గంటల తర్వాత ఒకసారి కొలవండి. ఇప్పుడు వాల్వు బెలోకి గాలి ఇవ్వదు, తీసుకోదు. ఎడమ అప్పటికీ దిగితే లీకు వాల్వు నుంచి బెలో దాకా ఉన్న వరసలోనే ఉంది. దిగకపోతే తప్పును గాలి ట్యాంకు వైపు వెతకాలి. ట్యాంకులో ఒత్తిడి పడిపోయి, సస్పెన్షన్ లైనులోని చెక్ వాల్వు (గాలిని ఒకే వైపు పోనిచ్చేది) సరిగ్గా మూసుకోకపోతే, బెలోలోని గాలి వాల్వు గుండా వెనక్కి నడుస్తుంది.

ఇంకో మాట. నిలిపి ఉంచినప్పుడు సమం చేసుకోవడానికి కన్వర్షన్‌లో సొలెనాయిడ్ బ్లాకు (కరెంటుతో తెరిచి మూసే వాల్వుల దిమ్మ) వేసి ఉంటే, వాల్వుల కంటే ముందు దాన్నే అనుమానించండి. అందులోని వాల్వు సీటు (వాల్వు ఆనుకుని మూసుకునే చోటు) మీద చిన్న తుప్పు రజను చేరినా చాలు. బ్లాకుకి వెళ్ళే పైపును ప్లగ్గుతో మూసి ఒక రాత్రి చూడండి.

ప్రశ్న: సబ్బు నీళ్ళు అంతటా పోశాం. ఒక్క బుడగా లేదు.

జవాబు: పోస్తే కనబడదు, బ్రష్షుతో పూయాలి. లీటరు నీళ్ళకి గిన్నెలు తోమే ద్రవం రెండు మూడు చెంచాలు కలపండి. అమ్మోనియా ఉన్న క్లీనరు వాడకండి, ఇత్తడి ఫిట్టింగులు పగుళ్ళిస్తాయి. పూసిన తర్వాత ఒక్కో చోట నిమిషం ఆగి చూడండి. పెద్ద లీకు బుడగలు వేస్తుంది. నెమ్మది లీకు బుడగ వేయదు, పాల మీద తేలిన నురగలా సన్నగా తెల్లటి చారై నిలుస్తుంది. దాన్ని సబ్బు నురగే అనుకుని చాలామంది వదిలేస్తారు.

బెలోను రెండు ఎత్తుల్లో చూడాలి. మామూలు ఎత్తులో రబ్బరు తన కింది పిస్టన్ (గట్టి దిమ్మ) మీద మడత పడే చోట పగులు నోరు మూసుకుంటుంది. బాడీని జాకీతో ఎత్తి మడత విప్పితే అదే పగులు నోరు తెరుస్తుంది, ఒక్కోసారి దానికి వ్యతిరేకం కూడా. కింది బీడు (లోహం మీద కూర్చునే రబ్బరు అంచు), మట్టి పట్టిన పై ప్లేటు బోల్టులు, బీము అతుకులు కూడా చూడండి. బీము లోపల నీరు చేరి లోపలి నుంచి తుప్పు పడుతుంది. బయట పెయింటు బాగానే ఉన్నా సూది రంధ్రం ఉండొచ్చు.

చివర్లో లెవెలింగ్ వాల్వు ఎగ్జాస్టు రంధ్రం మీద సబ్బు పొర పరచండి. ఆర్మ్ న్యూట్రల్‌లో ఉండి పొర ఉబ్బితే వాల్వు లోపలి సీటు పోయిందన్నమాట. పని అయ్యాక మంచినీళ్ళతో కడిగేయండి.

ప్రశ్న: బస్సు ఎత్తు మారడం లేదు కానీ ట్యాంకు గేజి రాత్రికి రాత్రే పడిపోతోంది. అంటే సస్పెన్షన్ బాగున్నట్టేనా?

జవాబు: కాకపోవచ్చు, తరచూ పొరబడే చోటే ఇది. బెలో నెమ్మదిగా కారుతుంటే ఆర్మ్ పైకి లేస్తుంది, వాల్వు ట్యాంకు నుంచి నింపుతూ పోతుంది. బాడీ నిలబడే ఉంటుంది, గేజి దిగుతుంది. ఒత్తిడి ఓ స్థాయికి (సుమారు 65 నుంచి 70 పీఎస్ఐ) పడ్డాక బ్రేకుల గాలి మిగలాలని ప్రొటెక్షన్ వాల్వు లైను మూస్తుంది. బాడీ దిగడం అప్పుడు మొదలవుతుంది. సస్పెన్షన్‌కి వెళ్ళే లైను మూసి గేజి చూడండి. అప్పటికీ దిగితే బ్రేకులు, హారను, గాలితో నడిచే తలుపు, సీట్లు వరసగా వెతకండి. కన్వర్షన్‌లో కొత్తగా కలిపిన టీ-జాయింట్లు మొదట చూడండి.

ప్రశ్న: ఒక్క లీకూ లేదని మెకానిక్ చెప్పాడు. అయినా వారంలో ట్యాంకు ఖాళీ అవుతోంది.

జవాబు: మెకానిక్ చెప్పింది నిజమే కావచ్చు. పగలు 35 డిగ్రీలుండి రాత్రి 20కి పడితే బెలోలోని గాలి పరిమాణం దాదాపు 5 శాతం తగ్గుతుంది. మోసే బరువు మారదు కాబట్టి ఒత్తిడి మారదు, బాడీ దిగుతుంది. వాల్వు ట్యాంకు నుంచి కాస్త నింపుతుంది. పగలు గాలి వ్యాకోచించి బాడీ లేస్తే, నింపినదాన్నే బయటికి వదులుతుంది. రోజుకో విడత ఖర్చు, లీకు లేకుండానే. లోపల మనుషులు ఇటు అటు మారినా ఇదే జరుగుతుంది.

ప్రశ్న: ఫిట్టింగులకి తెల్ల టెఫ్లాన్ టేపు చుట్టొచ్చా?

జవాబు: వద్దు. ముక్కలు చిరిగి వాల్వు సీటులో ఇరుక్కుంటాయి, ఒక లీకు ఆపి రెండోది తెచ్చుకుంటారు. ద్రవ సీలెంటు వాడండి, మొదటి మర మీద పూయకండి. నైలాన్ పైపు కారితే ఫిట్టింగు పారేసేముందు పైపు చివర 2 సెంటీమీటర్లు ట్యూబ్ కట్టర్‌తో పైపుకి అడ్డంగా, వంకర లేకుండా కోసి, అంచున లేచిన పొర గీకి, మళ్ళీ చివరిదాకా నొక్కండి. వంకరగా కోసిన చివర, గీత పడ్డ చివర కారతాయి. పక్కకి లాగుతున్న పైపు ఎంత కొత్త ఫిట్టింగులోనైనా కారుతుంది.

ప్రశ్న: బెలో మేమే మార్చుకోవచ్చా?

జవాబు: స్టాండ్లు సరిగ్గా ఉంటే మార్చుకోవచ్చు. గాలి పూర్తిగా వదిలాకే బోల్టులు విప్పండి. బీడు కూర్చునే చోటు వైర్ బ్రష్షుతో మెరిసేదాకా రుద్దండి. గ్రీజు వద్దు, సబ్బు నీళ్ళు చాలు. ఒకే ఇరుసు మీద రెండువైపులా మార్చడం మంచిది. చేతిలో పట్టుకుని, నేల మీద పెట్టి ఎప్పుడూ గాలి నింపకండి, అదుపు లేని బెలో పేలుతుంది. బిగించాక కొద్దికొద్దిగా నింపుతూ రబ్బరు పిస్టన్ మీద సమంగా మడత పడుతోందో లేదో చూడండి. పాత బెలో మీద సన్న గీతలుంటే కొన్నాళ్ళు గమనించొచ్చు. లోపలి దారాలు కనిపిస్తే ఆ రోజే మార్చాలి. చివర్లో లింకు కలిపి, ఎత్తు తయారీదారు ఇచ్చిన కొలతకి సరిచేయండి. లింకు చివర రబ్బరు బుషులు వదులైతే ఈ కొలత నిలవదు, వాటినీ మార్చేయండి.