ఎమల్షన్ పెయింటులో సగ్గుబియ్యం ఉండలు

ప్రశ్న: 100 కిలోల ఎమల్షన్ బ్యాచ్‌కి నీళ్లలో అమ్మోనియా కలిపి, తర్వాత 400 గ్రాముల హెచ్‌ఈసీ (హైడ్రాక్సీఇథైల్ సెల్యులోజ్, పెయింటును చిక్కబరిచేది) పొడి వేస్తున్నాం. గోడమీద సగ్గుబియ్యంలాంటి ఉండలు తేలుతున్నాయి. వడకట్టినా పోవడం లేదు. ఎందుకు?

జవాబు: వరుస తిరగబడింది. పెయింట్లకు అమ్మే హెచ్‌ఈసీ పొడికి చాలావరకు గ్లయాక్సాల్ అనే రసాయనం పట్టిస్తారు. మామూలు నీటిలో అది పొడిని కొద్దిసేపు నానకుండా ఆపుతుంది, ఆలోగా రేణువులు విడివిడిగా పరుచుకుంటాయి. అమ్మోనియా ముందే ఉంటే ఆ రక్షణ వెంటనే పోతుంది. పైపొర జిగురై, లోపల పొడి పొడిగానే మిగిలిపోతుంది. ఆ ఉండలు మెత్తన కనుక జల్లెడలోంచి సాగి జారిపోతాయి.

ముందు మామూలు నీళ్లు తిప్పుతూ పొడిని సన్నగా జల్లండి, గుప్పిళ్లతో కుమ్మరించవద్దు. ఐదు నిమిషాల తర్వాత అమ్మోనియాను కొద్దికొద్దిగా వేసి పీహెచ్ 8.5కి తెండి. అరగంట తిప్పి, గాజుపలక మీద పలచగా లాగి వెలుతురులో చూడండి. గింజ కనిపించకపోతేనే డిస్పర్సెంట్ (పొడులు ముద్దకట్టకుండా విడదీసేది), టైటానియం డయాక్సైడ్ (తెల్లరంగు పొడి), కాల్సైట్ (సున్నపురాయి పొడి) వేయాలి. బైండర్ (రంగును గోడకు పట్టించే జిగురు) చివర్లో, తక్కువ వేగంలో కలపండి.

బోరునీళ్లయితే పీహెచ్ ముందే కొలవండి. 8 దాటితే మళ్లీ ఇదే ఇబ్బంది, డీఎం (లవణాలు తీసేసిన) నీళ్లే మేలు.