ఆమ్‌స్టర్‌డామ్ చరిత్ర తెలుసుకోవడానికి రైక్స్‌మ్యూజియం సరిపోతుందా?

చిత్రకళ గురించి ఏమీ తెలియదు, చేతిలో ఒక్క పూటే ఉంది, అక్కడి జాతీయ మ్యూజియమైన రైక్స్‌మ్యూజియం చూస్తే ఊరి చరిత్ర అర్థమవుతుందా అని అడిగారు. తప్పకుండా అవుతుంది. నేను చూసింది కూడా ఊరి మీద ఇష్టంతోనే, కళ తెలిసి కాదు. 17వ శతాబ్దం బొమ్మలున్న రెండో అంతస్తుకు నేరుగా వెళ్ళండి. ఒక్కో బొమ్మ ముందు రెండే ప్రశ్నలు వేసుకోండి: దీనికి డబ్బు ఎవరిచ్చారు? ఇది మొదట ఏ గోడ మీద ఉండేది?

సాన్‌రెడామ్ అనే చిత్రకారుడు వేసిన పాత టౌన్‌హాల్ బొమ్మ నాకు అన్నిటికన్నా నచ్చింది. జనం దాని దగ్గర పెద్దగా ఆగరు. కింద కమానులు, పైన శిఖరం లేని టవరు, పాతబడిన గోడలు. ఆ భవనం 1652లో కాలిపోయింది, బొమ్మ వేసిందేమో 1657లో. 1641లో అక్కడే గీసుకున్న స్కెచ్ అతని దగ్గర ఉండేది, దాన్ని చూసి వేశాడు. ఆ మాట బొమ్మలోనే రాసిపెట్టాడు కూడా. దాన్ని కొన్నది నగర పాలకులే, 1655లో ప్రారంభించిన కొత్త టౌన్‌హాల్లో పెట్టుకోవడానికి! అంత గొప్ప భవనం కట్టుకుని, కాలిపోయిన పాతదాని బొమ్మను అందులో తగిలించుకున్నారంటే వాళ్ళకి ఊరంటే ఎంత ప్రేమో నాకు అక్కడే తెలిసింది.

రెంబ్రాంట్ వేసిన ప్రసిద్ధ బొమ్మ నైట్ వాచ్ ఎలాగూ చూస్తారు. 1642లో అతను దాన్ని ఏ రాజు కోసమో వెయ్యలేదు. ఊరి రక్షక దళం వాళ్ళు తమ హాల్ కోసం సొంత డబ్బుతో వేయించుకున్నారు. 1715లో టౌన్‌హాల్‌కి మార్చినప్పుడు అక్కడి గోడకు పట్టక నాలుగు వైపులా కోసేశారు. ఎడమవైపు ఇద్దరు మనుషులు పోయారు. లుండెన్స్ అనే చిత్రకారుడు అంతకుముందే చిన్న నకలు వేసి ఉంచాడు కాబట్టి అసలు ఎలా ఉండేదో తెలుస్తోంది.

రెంబ్రాంటే వేసిన మార్టెన్, ఓప్యెన్ అనే ధనిక దంపతుల నిలువెత్తు బొమ్మలు ఉన్నాయేమో కనుక్కోండి. 2016లో నెదర్లాండ్స్, ఫ్రాన్స్ కలిసి 16 కోట్ల యూరోలకు కొన్నాయి, అందుకే కొన్నాళ్ళు ఇక్కడ, కొన్నాళ్ళు పారిస్‌లో ఉంటాయి. మార్టెన్ బూట్ల మీద గిన్నెంత లేసు పువ్వులు చూడండి. ఆ దర్జా వెనక ఉన్నది మార్టెన్ నాన్న చక్కెర శుద్ధి వ్యాపారం. ఆ రోజుల్లో ఊరికి వచ్చే చక్కెరలో బ్రెజిల్ తోటల్లో బానిసలు పండించింది చాలా ఉండేది. ఊరి సంపద గురించి చదివేటప్పుడు ఈ సంగతి వదిలేస్తే చరిత్ర సగమే తెలిసినట్టు.

బెర్క్‌హేడె అనే చిత్రకారుడు వేసిన, ఊళ్ళోని హేరెన్‌గ్రాక్ట్ కాలువ మలుపు బొమ్మలో (1671-72) ఇళ్ళ మధ్య ఇంకా ఖాళీ స్థలాలున్నాయి, చెట్లు లేవు. ఆ మలుపు మ్యూజియం నుంచి నడిచి వెళ్ళే దూరమే. ఫోన్‌లో ఫోటో తీసుకుని వెళ్ళి అక్కడ నిలబడి పోల్చుకోండి, నేను అలాగే చేశాను. ఓపికుంటే ఊరి నడిబొడ్డున ఉన్న డామ్ స్క్వేర్ దాకా వెళ్ళండి. అక్కడి రాయల్ ప్యాలెస్ ఇందాక చెప్పిన కొత్త టౌన్‌హాలే.

టికెట్ ఆన్‌లైన్‌లో టైమ్ స్లాట్‌తో తీసుకోవాలి. పొద్దున్నే తెరిచే టైముకి దొరికితే అదే తీసుకోండి, నైట్ వాచ్ గదిలో తోపులాట తక్కువగా ఉంటుంది.